కరువేటి పరిగె

విశ్వేశ్వరరావు "రఘుపతి గారూ" అని పిలిచినప్పుడే, వచ్చిన పని మంచిది కాదని రఘుపతికి తెలిసిపోయింది.

ఇన్నేళ్ల పరిచయంలో ఆ మనిషి నోట 'గారు' రాలేదు. "ఏం రఘుపతీ, సరుకయిందా?" అని వాకిట్లోంచే కేకేసేవాడు. లోపలికొచ్చి బోర్లించిన డబ్బా మీద కూర్చుని, పనివాడు గట్టయ్య చాయ్‌లో సగం తన గ్లాసులోకి వంపుకునేవాడు. ఈసారి కారు బయటే ఆపి, చెప్పులు ఎక్కడ విడవాలా అని వెతుక్కుంటున్నట్టు షెడ్డు ముందు నిలబడ్డాడు. ఇనుపరజను నిండిన నేల మీద చెప్పులు విడిచేదెవరు? మాట చెడిన ఇంటికి వచ్చిన చుట్టాలు అట్లాగే నిలబడతారు.

రఘుపతి చేతిలోని పట్టెను ట్యూబులైటు కెదురుగా ఎత్తి, ఒక కన్ను మూసి చూస్తున్నాడు. పట్టె అంచుకు తిన్నని ఇనుప బద్ద ఒకటి ఆనించి ఉంది. రెండింటి నడుమ వెలుతురు కనబడకూడదు. కనబడిన చోట ఇంకొంచెం అరగదీయాలి. దారమంత వెలుగు ఒక కొసన కనిపించింది. అక్కడ సుద్దతో గీత పెట్టి, పట్టెను బల్ల మీద పడుకోబెట్టాడు.

"కూసోండ్రి సార్," అన్నాడు.

బొగ్గు మోసే బెల్టు కింద బిగించే పట్టె అది. బొగ్గు దించేశాక కూడా బెల్టుకు తడి బొగ్గుపొడి అంటుకునే ఉంటుంది. దాన్ని గీకి కింద పడెయ్యకపోతే రోలర్లు పట్టేస్తాయి, బెల్టు పక్కకు జరిగి చిరుగుతుంది. బెల్టు అతుకు వచ్చినప్పుడు పట్టె కాస్త వెనక్కి ఒదగాలి, అతుకు దాటగానే మళ్లీ ముందుకు రావాలి. అందుకు వెనకాల రెండు స్ప్రింగులుంటాయి. గోదావరిఖనిలో దాన్ని గీకుడుపట్టె అంటారు. పట్నంలోని ఫ్యాక్టరీ ఒకటి దానికి ఇంగ్లీషులో పొడుగాటి పేరు పెట్టి, ఆ స్ప్రింగుల అమరిక మీద పేటెంటు తీసుకుంది. విశ్వేశ్వరరావు ఆ ఫ్యాక్టరీ మనిషే. మా వస్తువును మా అనుమతి లేకుండా చేసి అమ్ముకుంటున్నాడని ఆ ఫ్యాక్టరీ హైదరాబాదు కోర్టులో రఘుపతి మీద కేసు వేసి నెల దాటింది.

గట్టయ్య అరగదీసే మిషను ఆపాడు. షెడ్డులో మిగిలిన పనివాడు ఆయనొక్కడే. ఆ చక్రం దానంతటది తిరిగి తిరిగి ఆగింది.

"కేసు నేను వేయించింది కాదు రఘుపతీ," అన్నాడు విశ్వేశ్వరరావు. 'గారు' అప్పుడే జారిపోయింది. "ఆ సంగతి నీకు తెలియాలి."

"మీరు ఏసిన్రని నేనెప్పుడన్న. కని మొదటి పట్టె తెచ్చి గీ బల్ల మీద పెట్టింది మీరే గద సార్. బొగ్గుబాయిలన్ని నడిచినప్పుడు మీకు సరుకు అందలే. గిట్లనే చెయ్యి రఘుపతీ, ఎన్ని చేస్తే అన్ని తీస్కపోత అన్నరు."

"అన్నాను. కాదంటానా? మాకు చేసినవి పోగా నువ్వు బయట అమ్ముకోవడం కూడా మా ఎండీకి తెలుసు. తెలిసే ఊరుకున్నాడు. గోడౌను ఎప్పటికప్పుడు ఖాళీ అవుతుంటే కోర్టుల చుట్టూ తిరిగే తీరిక ఎవడికుంటుంది? ఇప్పుడేమో అండర్‌గ్రౌండు గనులు ఒక్కొక్కటే మూత పడుతున్నాయి. ఆర్డర్లు లేవు. మా ఫ్యాక్టరీలో సగం మిషన్ల మీద గుడ్డలు కప్పేశాం. అన్ని షిఫ్టులూ నడుస్తున్నది లాయర్ల గది ఒక్కటే."

"మల్ల ఆళ్లకు ఓవర్‌టైము కట్టిస్తున్రా సార్?" అన్నాడు గట్టయ్య.

విశ్వేశ్వరరావు నవ్వాడు. రఘుపతికి కూడా నవ్వొచ్చింది. అంతలో చాయ్ వచ్చింది. ముగ్గురూ గ్లాసులు అందుకున్నారో లేదో, ముగ్గురి అరచేతులూ ఒక్కసారే గ్లాసుల మీద మూతలు పడ్డాయి. ఆ వెనకాలే ఓపెన్ కాస్టు గనిలో బ్లాస్టింగు మోగింది. పైన రేకులు గజగజలాడి, దూలాల మీది మసి సన్నగా రాలింది. ఆ ఊళ్లో పెరిగినవాళ్ల చేతులకు ఆ వేళ చెప్పకుండానే తెలుస్తుంది. కోస్తా నుంచి వచ్చిన ఇంజనీరు కొడుకైనా విశ్వేశ్వరరావు పెరిగింది ఇక్కడి క్వార్టర్లలోనే. ఆయన చెయ్యి గ్లాసు మీదికి పోవడం చూసి రఘుపతికి మనసు కొంచెం మెత్తబడింది. మెత్తబడినందుకు తన మీద తనకే చికాకేసింది.

"వచ్చిన పని చెప్పుండ్రి సార్."

"ఒక కాగితం రాసిస్తే కేసు తీసేస్తారు. ఈ పట్టె మాదని ఒప్పుకోవాలి. ఇక మీదట మాకే చేయాలి, మా నీలం రంగు వేసి. ఈ చుట్టుపక్కల జిల్లాలన్నిటికీ నిన్నొక్కణ్ణే పెడతారు. రంగు డబ్బాలు కార్లోనే ఉన్నాయి. ఊఁ అంటే ఇప్పుడే దించుతా."

రఘుపతి పట్టెలకు ఎర్రమన్ను రంగు ప్రైమరు తప్ప మరో రంగెరగడు. గోడకు వరసగా ఆనించి ఉన్న ఎర్ర పట్టెల వైపు చూశాడు. తీసుకుపోయేవాళ్లు రాక వాటి మీద మసి పేరుకుంది.

"గంతేనా?"

విశ్వేశ్వరరావు గ్లాసు అడుగున మిగిలిన చాయ్‌ను తిప్పుతూ కూర్చున్నాడు. "ఇంకెవరు చేస్తున్నారో కూడా ఆ కాగితంలో చెప్పాలి."

"మీకు ఎరుక లేదా?"

"ఎరుకే. రామకృష్ణాపూర్‌లో రాయమల్లు. నీ దగ్గర పని నేర్చుకుపోయినవాడే. కానీ అది నీ నోటితో రావాలి. కోర్టులో ఫ్యాక్టరీ చెప్పేది ఒకటి, పని నేర్పినవాడు చెప్పేది ఒకటి." లేచి ప్యాంటుకు అంటిన రజను దులుపుకున్నాడు. దులిపేకొద్దీ అది ఇంకా పరుచుకుంది. "శనివారం దాకా ఇక్కడే క్లబ్బులో ఉంటా. ఒక్కణ్ణయినా ఒప్పించకుండా వెళ్తే, వచ్చే నెల నా కుర్చీ మీద కూడా గుడ్డ కప్పుతారయ్యా."

కారు వెళ్లిపోయాక గట్టయ్య చాలాసేపు మిషను మొదలుపెట్టలేదు.

"ఫికర్ చెయ్యకు," అన్నాడు చివరికి. "నేను బాయిల దిగిన కొత్తల్నే ఇసొంటి పట్టెలు ఉండె. పాత లారీ స్ప్రింగులు పెట్టి మా ఫిట్టర్లే చేసెటోళ్లు. ఇదేదో ఆళ్ల తాత కనిపెట్టినట్టు మాట్లాడ్తున్నడు."

"గా మాట హైదరాబాదు వచ్చి చెప్తవా కాకా?"

"చెప్త. ఎందుకు చెప్ప?" అని, నడుము నిమురుకుంటూ, "బస్సుల ఎక్కువ సేపు కూసుంటే నడుము ఆగుతలేదు గని," అన్నాడు గట్టయ్య.

*

సాయంత్రం ఇంటికొచ్చేసరికి తల్లి లస్మవ్వ అరుగు మీద చాటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరుతోంది. ఇప్పుడు బియ్యంలో రాళ్లు ఉండవు. అయినా ఆమె ఏరుతుంది. చూపు తగ్గింది కనుక వేళ్లతో ఏరుతుంది. భార్య శోభ దండెం మీది బట్టలు తీస్తూ, వాటికి పట్టిన బొగ్గుదుమ్మును దులుపుతోంది.

రఘుపతి కాళ్లు కడుక్కుని వచ్చి, జరిగినదంతా చెప్పాడు. చెప్పడానికి ఎంతోసేపు పట్టలేదు.

"ఇయ్యి పేరు," అన్నది శోభ, చేతిలోని చీరను మడత పెడుతూనే. "గాడు నీకేమన్న కొడుకా? నీ దగ్గర పని నేర్చుకున్నడు, నీ గిరాకీనే గుంజుకున్నడు. పోయెనాడు నిన్ను అడిగి పోయిండా?"

"అడిగిండు. ఇనుప బద్ద ఒకటి ఇయ్యమన్నడు. నేనే ఇయ్యలే."

"మంచి పని చేసినవ్. ఇప్పుడు సుత గట్లనే చెయ్యి. కేసు ఖర్చులకు లేతు మిషను అమ్ముకున్నంక మనకు మిగిలేది ఏంది, రేకులేనా? ఆ సారు పెద్ద మనసుతోటి అడుగుతున్నడు. రేపు మనసు మారితే?"

లస్మవ్వ చాట ఆపింది. "ఎవలు, రాయమల్లేనా? జమున మొగడు?"

"ఆ, గాడే అవ్వా."

"పట్టె మాదంటున్నరా ఆ పట్నపోళ్లు?"

"మాదేనంటున్నరు."

"మరి మొన్నటిదాంక ఎవలదట?"

లస్మవ్వ చాటను మళ్లీ ఒకసారి కదిపి, వేళ్లు బియ్యంలో పెట్టింది.

"పరిగె ఎరుకేనా బిడ్డా నీకు?" అని శోభను అడిగింది.

"ఎందుకెరుక లేదు. కోసుకపొయ్యినంక మడిల రాలిన ఎన్నులు ఏరుకునుడు."

"ఆ. వానలు వడి మంచిగ కాలమైన ఏడు మా పటేలు పరిగెకు వచ్చినోళ్ల దిక్కు తల సుత తిప్పకపోవు. ఏరుకోన్రే, పిట్టలు తినంగ లేంది మీరు తింటే ఏంది అనెటోడు. కరువొచ్చిన ఏడు చూడాలె ఆయనను. గా ఏడే యాదికొచ్చింది ఆయనకు, రాలిన గింజ సుత తనదేనని."

"తనదే గద మరి. ఆయన మడి, ఆయన వడ్లు."

"ఎవలు కాదన్నరు? కాలమైన ఏడు సుత తనవే. మరి అప్పుడెందుకు యాదికి రాలే?" లస్మవ్వ గొంతులో కోపం లేదు. ఎప్పుడో ఆరిపోయిన పొయ్యిలో పుల్ల పెట్టి కదిపినట్టు మాట్లాడుతోంది. "తానొచ్చి కొట్టలే. మా ఆడోళ్లల్నే ఒకదాని చేతికి కట్టె ఇచ్చిండు. మా వాడకట్టు సారవ్వకు. పొద్దంత ఒడ్డు మీద నిలబడి మమ్ములను ఎల్లగొట్టాలె. పొద్దూకితే ఆమె ఒళ్లె గిన్ని గింజలు పోసెటోడు. ఆ ఏడు మా వాడల పొయ్యి ముట్టింది ఆమె ఇంట్లనే."

"మంచిగనే బతికింది మరి," అన్నది శోభ.

"బతికింది. వచ్చే ఏడు వానలు వడ్డయి. నాట్లకు ఆడోళ్లంత గుంపులు కట్టిన్లు. ఆమెను పిలువలే. పిలువకుంట నాటుకు ఎవలు పోతరు బిడ్డా? ఇంటి ముంగట నిలబడి పోయెటోళ్లను చూసేది."

చాటలోంచి ఏదో తీసి బయటికి విసిరింది. అది రాయో, బియ్యపు గింజో.

శోభ బట్టల మూట ఎత్తుకుని లోపలికి పోయింది. పోతూ, "గప్పటి ముచ్చట్లు గిప్పుడెందుకు అత్తమ్మా," అన్నది. కానీ ఆ రాత్రి అన్నం పెడుతూ రాయమల్లు పేరు మళ్లీ ఎత్తలేదు.

*

మర్నాడు రఘుపతి మొదట సదానందం దగ్గరికి పోయాడు. బొగ్గు యార్డులో బెల్టులు నడిపే కాంట్రాక్టరు సదానందం. ఏళ్ల తరబడి రఘుపతి పట్టెలు తప్ప మరొకటి బిగించనివాడు. యార్డులో రెండు బెల్టులు ఆగి ఉన్నాయి. ఆగిన బెల్టు మీద కుక్క ఒకటి ముడుచుకుని పడుకుంది.

"నీ పట్టెకు వంక పెట్టనన్నా," అన్నాడు సదానందం, భుజం మీద చెయ్యి వేసి పక్కకు తీసుకుపోతూ. "కని పట్నపోళ్లు మాకు సుత నోటీసులు పంపిన్లు. ఎర్ర పట్టెలు కనబడితే మమ్మల్ని సుత కోర్టుకు గుంజుతరట. నాకున్న బిల్లుల లొల్లి చాలదా? నీలం రంగుతోటి తీస్కరా, ఎవల చేతితో చేసింది అని నేను అడుగ."

"లోపల గదే పట్టె."

"నాకెరుకే అన్నా. కుక్కకు సుత ఎరుకే," అని సదానందం బెల్టు వైపు చూపించి నవ్వబోయాడు. రఘుపతి నవ్వకపోయేసరికి, భుజం మీది చెయ్యి తీసేశాడు.

కోర్టు దగ్గర, తెలిసిన వకీలు ఒకాయన పుల్లట్టు తింటూ విన్నాడు. ఇటువంటి కేసులు ఇక్కడ నడవవని, హైదరాబాదులో అందుకు వేరే వకీళ్లుంటారని చెప్పాడు. పేటెంటు కంటే ముందునుంచే ఆ పట్టె బాయిల్లో ఉండేదని సాక్షులను నిలబెడితే కేసు గట్టిదే అన్నాడు.

"గెలుస్తనా మరి?"

"గెలుస్తవన్నా. గెలిచే దినానికి నీ షెడ్డు ఉంటదా అన్నదే అసలు సవాలు." చెయ్యి కడుక్కుని, తువ్వాలుతో ఒక్కో వేలూ తుడుచుకున్నాడు. "గిరాకీ మంచిగున్నప్పుడు ఇసొంటి కేసులు రావు. వచ్చినా రాజీ పడ్తరు, పని చెడుతదని. మార్కెటు పండుకున్నప్పుడే వస్తయి. ఆళ్లు గెలుస్తమని వెయ్యరు. నువ్వు అలిసిపోతవని వేస్తరు."

వకీలు దగ్గర్నుంచి రఘుపతి నడిచి ఇంటి దారి పట్టాడు. మూతపడిన బొగ్గుగని ఇంక్లైను గేటు ముందు, పాత షిఫ్టు రోజుల అలవాటు చొప్పున చాయ్ బండి ఒకటి ఇంకా నిలబడే ఉంది. రఘుపతి ఆ బల్ల మీద కూర్చున్నాడు. అడక్కుండానే చాయ్ ఇచ్చిన ముసలామె పక్కనే కూర్చుని కాళ్లు ఒత్తుకుంటోంది.

ఆ బల్ల మీదే రఘుపతి నిశ్చయించుకున్నాడు. పేరు ఇస్తాడు. అయితే వెనకనుంచి కాదు. ముందు తానే రామకృష్ణాపూర్ పోయి, రాయమల్లు మొహం చూసి చెబుతాడు. ఇట్లా నీ పేరు ఇస్తున్నా తమ్మీ, వాళ్లు రాకముందే సరుకు ఎటన్నా జరుపుకో, షెడ్డుకు వేరే పని చూసుకో, అని. చెప్పి చేస్తే అది ద్రోహం కాదు. చాయ్ తాగినంతసేపూ ఆ మాటను మనసులో అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. వెలుగుకు ఎత్తి చూస్తే ఎక్కడో దారమంత సందు కనబడుతూనే ఉంది. అయినా చాలులే అనుకున్నాడు.

*

శుక్రవారం పొద్దున మంచిర్యాల బస్సెక్కాడు. గోదావరి వంతెన మీద పొగమంచు ఇంకా తెగలేదు. కింద నీళ్లు ఉన్నాయో ఇసుకే ఉందో తెలియడం లేదు. వంతెన దాటాక పొలాల్లో వరికోత మిషన్లు నడుస్తున్నాయి. అవి పోయిన చోట గింజ మిగలడం లేదు. కొంగలు మాత్రం మిషను వెనక ఆశగా నడుస్తున్నాయి. పరిగెకు వచ్చే మనుషులే లేరు. ఏం చెప్పాలో మొదటి మాట దగ్గర్నుంచి కూర్చుకున్నాడు. "తమ్మీ, నీకొక మాట చెప్పాలె" అన్నది మొదటి మాట. రెండో మాట ఎంతకీ కుదరలేదు.

మంచిర్యాలలో దిగి షేర్ ఆటో పట్టుకున్నాడు. రాయమల్లు షెడ్డు రామకృష్ణాపూర్ క్వార్టర్ల వెనక, తుమ్మచెట్ల పక్కన ఉంటుంది. ఇంటికి ఆనించి వేసిన రేకుల పంచ అది. రఘుపతి ఒకే ఒక్కసారి వచ్చాడు, అదీ షెడ్డు మొదలుపెట్టిన రోజు కొబ్బరికాయ కొట్టడానికి పిలిస్తే. కొట్టి, చాయ్ తాగకుండా వెళ్లిపోయాడు.

వాకిట్లో అడుగు పెట్టేసరికి పంచలోంచి కోడి ఒకటి ఎదురొచ్చింది. తెల్ల కోడి. దాని ఒక రెక్క మీద నీలం రంగు పూసి ఉంది. కాళ్లు కూడా నీలమే. బండల మీద అది నడిచినంతమేరా నీలం అడుగులు పడి ఉన్నాయి. హోలీ లేదు, పండగ లేదు, కోడికి ఈ వేషమేంటని రఘుపతికి నవ్వొచ్చింది.

ఆ నవ్వు పెదవుల మీద ఉండగానే సంగతి తెలిసింది.

పంచలో తాడు కట్టి, గీకుడుపట్టెలను వరసగా వేలాడదీశారు. అన్నీ నీలం. కొన్ని ఇంకా ఆరలేదు. కొసల నుంచి చుక్కలు పడుతున్నాయి. ఆ చుక్కల కిందే కోడి గింజలు వెతికినట్టుంది. మూలన డబ్బాలు పేర్చి ఉన్నాయి. విశ్వేశ్వరరావు కారులోని డబ్బాలే.

రాయమల్లు పంచ కొసన, తూర్పుకు తిరిగి, ఒక పట్టెను ఆకాశానికెత్తి ఒక కన్ను మూసి చూస్తున్నాడు. ఇనుప బద్ద లేదు. పగిలిన కిటికీ అద్దం ముక్కను అంచుకు ఆనించుకున్నాడు. చెయ్యి ఎత్తిన తీరు, తల వాల్చిన తీరు, అన్నీ రఘుపతివే. ఎవరో వచ్చిన అలికిడికి కన్ను తెరిచాడు. పట్టె పట్టుకున్న చెయ్యి అట్లాగే గాలిలో ఉండిపోయింది.

"అన్నా," అన్నాడు.

రఘుపతి పంచలోకి వచ్చాడు. దగ్గరున్న పట్టె మీద చెయ్యి వేశాడు. రంగు పచ్చిగా ఉంది. వేళ్లకు అంటుకుంది.

లోపల్నుంచి రాయమల్లు భార్య జమున వచ్చి, రఘుపతిని చూసి, కొంగు సర్దుకుని, "కూసో బావా," అని కుర్చీ వేసింది. కుర్చీ మీద నీలం చుక్క ఉందేమోనని చేత్తో తుడిచింది. మొగుడి మొహం ఒకసారి చూసి, చాయ్ పెడతానని లోపలికి పోయింది. లోపల చాలాసేపు గిన్నె చప్పుడు కూడా వినిపించలేదు.

"సారు బుధవారం వచ్చిండన్నా," అన్నాడు రాయమల్లు, పట్టెను జాగ్రత్తగా కింద పెడుతూ. "నీ దగ్గరి నుంచే వస్తున్న అన్నడు. నువ్వు ఊఁ అనలే అన్నడు."

"కాదని సుత అనలే."

"నువ్వు అనవనుకున్న. నువ్వు గసొంటి పని చెయ్యవని నాకు తెలుసు." రాయమల్లు అద్దం ముక్కను కూడా పట్టె పక్కన పెట్టాడు. "నేనే చేసిన. నీ పేరు చెప్పుమన్నడు. నీకు తెల్వదా సార్ అన్న. తెలుసు, అయినా నీ నోటితో చెప్పాలె అన్నడు. చెప్పిన."

నువ్వు గసొంటి పని చెయ్యవు అన్న మాట రఘుపతికి తగలరాని చోట తగిలింది. కోపం తెచ్చుకుందామని చూశాడు. కోపానికి కాలు మోపే చోటు దొరకలేదు. బస్సులో, వంతెన మీద, ఆటోలో కూర్చుకుంటూ వచ్చిన మాటలన్నీ నోట్లోనే ఉన్నాయి. తాను తెచ్చిన మాటే తనకంటే ముందు ఇక్కడికి చేరి, తాడుకు వేలాడుతోంది.

"తిట్టన్నా," అన్నాడు రాయమల్లు. "తిట్టిపోనీకే వచ్చినవు గద. తిట్టు."

"ఊకెనే వచ్చిన," అన్నాడు రఘుపతి. "మంచిర్యాలల పనుండె. చూసిపోదామని."

అది అబద్ధమని ఇద్దరికీ తెలుసు. ఎట్లాంటి అబద్ధమో మాత్రం రాయమల్లుకు తెలియదు.

జమున చాయ్ తెచ్చింది. ఆ రోజు తాగకుండా పోయిన చాయ్ గుర్తొచ్చి, రఘుపతి గ్లాసు అందుకున్నాడు. అలవాటుగా అరచెయ్యి గ్లాసు మీదికి పోయింది. ఇక్కడ బ్లాస్టింగు ఏదీ లేదు. చెయ్యి తీసి తాగాడు.

"నా కేసు ఏమైతదట?"

"నువ్వు పట్టెలు బందు చేస్తే కేసు అట్లనే పడి ఉంటదన్నడు. తియ్యరు, నడిపియ్యరు." రాయమల్లు నేల మీద పడిన నీలం చుక్కను కాలి బొటనవేలితో రాస్తున్నాడు. "అన్నా, ఒకటి అడుగాలె. అడిగే మొకం లేదు గని. మూడు జిల్లాల సరుకు నాతోటి కాదు. అంచు నాకు నీ అంత కుదురుతలేదు. అద్దం ముక్కతోటి ఎన్నని చూడాలె? ఎవల్నన్న పెట్టుకో, మాకు సరుకు అందాలె అంతే అన్నడు సారు." అక్కడ ఆగిపోయాడు. 'నువ్వు రా' అన్న మాట బయటికి రాలేదు.

ఖాళీ గ్లాసును రఘుపతి అరుగు మీద బోర్లించాడు.

"కోడిని కట్టెయ్యి," అన్నాడు లేస్తూ. "రంగు తింటే సస్తది."

*

తిరిగొచ్చే బస్సులో కిటికీ పక్కన కూర్చుని వేళ్ల మీది నీలాన్ని చొక్కా కొసతో రుద్దుకుంటూనే ఉన్నాడు. అది పోలేదు. చొక్కాకు అంటింది.

ఇంటి దగ్గర లస్మవ్వ అరుగు మీదే ఉంది. చాట పక్కన పెట్టి ఉంది. చూపు ఆనకపోయినా, రంగు వాసన ఆమెకు ముందే తెలిసింది.

"ఏందిరా ఆ వాసన?"

"రంగు అవ్వా. చేతికంటింది."

శోభ చెయ్యి చూసింది. నీలాన్ని చూసింది. "ఊఁ అన్నవా?" అన్నది మెల్లగా.

"నేను అనలే. రాయమల్లు అన్నడు. నా పేరు చెప్పిండు."

శోభ నోరు తెరిచింది. పెద్ద మాటే ఒకటి రాబోయింది. తాను మొన్న అరుగు మీద ఏం చెప్పిందో గుర్తొచ్చిందేమో, ఆ మాటను మింగేసి, కొబ్బరినూనె గిన్నె, పాత గుడ్డ తెచ్చి మొగుడి ముందు పెట్టింది. రఘుపతి అరుగు అంచున కూర్చుని ఒక్కో వేలూ రుద్దుకోవడం మొదలుపెట్టాడు. నూనెకు నీలం కరిగి గుడ్డ మీదికి వస్తోంది. గోళ్ల చుట్టూ మాత్రం మొండికేసింది.

"అవ్వా," అన్నాడు కాసేపటికి. "ఆ సారవ్వను ఎవ్వలు పిలువలే అన్నవు గద నాట్లకు. నిజంగ ఎవ్వలు పిలువలేదా?"

వాకిటి ముందునుంచి బొగ్గు లారీ ఒకటి పోయి, దుమ్ము కిందికి దిగేదాకా లస్మవ్వ ఆగింది.

"ఒక్క మా అవ్వ పిలిచింది," అన్నది. "తీస్కపోయి తన పక్కన నాటు వరసల మునుం పట్టిచ్చింది. గుంపంత మా అవ్వను తిట్టిన్లు. నీకు సిగ్గు లేదా, దాని కట్టెదెబ్బ నీ ఈపు మీద పడలేదా అన్నరు."

"పడ్డదా?"

"పడకేం. మా అవ్వకే ఎక్కువ పడ్డయి."

"మరి ఎందుకు పిలిచిందే?"

"ఎందుకంటే..." లస్మవ్వ చేత్తో తడిమి చాటను ఒళ్లోకి లాక్కుంది. అందులో ఏమీ లేదు. ఖాళీ చాట మీద వేళ్లు ఆడించింది. "పటేలు ఆ కట్టె ఇయ్యనీకి ముందుగాల వచ్చింది మా ఇంటికే బిడ్డా. ఆ పొద్దు మా అవ్వ ఇంట్ల లేకుండె."

రఘుపతి రుద్దడం ఆపాడు. గుడ్డను గిన్నె మీద పెట్టి, చేతులను ఒకసారి చూసుకున్నాడు. గోళ్ల చుట్టూ నీలం అట్లాగే ఉంది. లేచి గోడకు తగిలించిన సంచి తీశాడు. షెడ్డు తాళంచెవులు అందులో వేసుకున్నాడు.

"యాటికి మళ్ల?" అన్నది శోభ.

"షెడ్డుకు. బద్ద తెచ్చుకోవాలె." చెప్పుల్లో కాళ్లు పెడుతూ వాకిట్లో ఆగాడు. "గట్టయ్య కాకకు సుత చెప్పొస్త. రేపు రెండు డబ్బాల అన్నం కట్టు. పొద్దుగాల బస్సుకు గోదారి అవతలికి పోవాలె."